తాళం చెవి ఎవరి దగ్గరుందో ముందే అడగండి

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది విశాఖలో కొండవాలు మీద ఇల్లు. మా ఇంటి వెనకాల, మట్టి జారకుండా పై ఇంటివాళ్లు కట్టుకున్న రిటైనింగ్ వాల్ రెండేళ్ల కిందట బీటలిచ్చింది, ఇప్పుడు పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చింది. వాయుగుండం అనగానే వార్డు సచివాలయం నుంచి వస్తారు, ఖాళీ చేయమని కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు. కిందటేడు రాత్రి పదింటికి మా అత్తగారిని ఆటోలో ఎక్కించుకుని వాళ్లు చెప్పిన బడికి వెళ్తే తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. వరండాలో గంటసేపు తడిసి మళ్లీ ఇంటికే వచ్చేశాం. ఈసారి కదిలేది లేదని మావారు అంటున్నారు. వెళ్లకపోతే కేసు పెడతారా? వెళ్తే మేం లేనప్పుడు మా ఇల్లు కూల్చేస్తారని వీధిలో అనుకుంటున్నారు, మాకు పట్టా లేదు. అసలు మా బాధ్యత ఎవరిది, కార్పొరేషన్‌దా, కలెక్టర్ గారిదా?
– పేరు, కాలనీ రాయవద్దని కోరిన ఒక సోదరి

చెల్లెమ్మా, ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ కాస్త చదివి వినిపించండి. వాయుగుండం అని చెప్పిన రోజు ఇల్లు వదిలి వెళ్లండి. బడి ఎందుకు తెరవలేదు, ఫోన్ ఎందుకు ఎత్తలేదు అన్న గొడవ న్యాయమైనదే, కానీ అది తెల్లారాక పడాల్సిన గొడవ. పొట్ట ఉబ్బిన గోడ చెప్పి పడదు. బడికి తాళం ఉంటే చుట్టాలింటికి వెళ్లండి, కింద గుడి మండపంలో కూర్చోండి, ఎవరి అరుగు మీదైనా తెల్లారనివ్వండి, అంతేగానీ ఆ గోడ కిందికి మాత్రం తిరిగి వెళ్లొద్దు. వరండాలో తడిసి మళ్లీ ఇంటికే వచ్చేశాం అని మీరు రాసిన చోట నాకు గుండె ఝల్లుమంది.

ఇక కేసు సంగతి. పెట్టొచ్చు, చట్టంలో ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ప్రకారం, కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన ఆదేశాన్ని సరైన కారణం లేకుండా కాదంటే ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చు, ఆ కాదనడం వల్ల ప్రాణాల మీదికొస్తే శిక్ష రెండేళ్ల దాకా ఉంటుంది. అయితే మీకిచ్చిన కాగితం ఏ చట్టం కింద ఇచ్చిందో ఒకసారి చూడండి. ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. పైన ఒక ముద్ర, మధ్యలో "వర్షాల దృష్ట్యా తక్షణం ఖాళీ చేయవలెను" అని రెండు లైన్లు, కింద మీ సంతకానికి చోటు. కలెక్టర్ గారి తరఫున విపత్తు చట్టం కింద ఇచ్చారా, కమిషనర్ గారి తరఫున మున్సిపల్ చట్టం కింద ఇచ్చారా అన్నది చాలాసార్లు అందులో ఉండదు. ఎక్కడికి వెళ్లాలన్నది అసలే ఉండదు. ఈసారి వచ్చినప్పుడు సంతకం పెట్టండి, కానీ మీ సంతకం పైన మీ చేత్తోనే "ఏ కేంద్రానికి వెళ్లాలి, తాళం ఎవరి దగ్గర ఉంది, వారి ఫోన్ నంబరు" అని మూడు ఖాళీలు రాసి వాళ్లనే నింపమనండి, తర్వాత ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వచ్చినవాళ్ల మీద అరవొద్దు. ఆ పిల్లలు కూడా వానలోనే గడపగడపా ఎక్కి దిగుతున్నారు, పైనుంచి చెప్పింది చేస్తున్నారు.

తాళం చెవి గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. నేను రెవెన్యూలో పనిచేసే రోజుల్లో, 2014 అక్టోబర్ 11న, అంటే హుద్‌హుద్ తుపాను తీరం దాటడానికి ముందు రోజు రాత్రి, నాకు ఒక బడిలో డ్యూటీ పడింది. వెళ్లేసరికి గేటు దగ్గర జనం, తలల మీద మూటలు, చంకల్లో పిల్లలు, గేటుకి తాళం. వాచ్‌మన్ ఊరెళ్లాడు, చెవి హెడ్మాస్టర్ గారింట్లో ఉంది, ఆయన ఉండేది ఊరికి ఆ చివర. చివరికి ఒక కుర్రాడు బండరాయితో తాళం పగలగొట్టాడు, రాసిచ్చే పూచీ నాది అన్నాను. లోపలికి వెళ్లాక తెలిసింది, వంద మందికి పైన మనుషులకి రెండే బాత్రూములు, ట్యాంకులో నీళ్లు అడుగంటాయి, తెల్లారాక కరెంటు పోయింది కాబట్టి మోటార్ వేసే దారి లేదు. ఆదివారం పగలంతా గాలి హోరుకి తలుపులకి బల్లలు అడ్డం పెట్టి ఆపాం. ఆ రెండు రోజులూ ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు, బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని. ఒక పెద్దావిడ నాతో ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఈ పనులన్నీ ముందే చేసి ఉంచాలని చట్టంలో తొమ్మిదేళ్ల కిందటే రాసి ఉందని నాకు ఆ తర్వాతే తెలిసింది. విపత్తు చట్టం 30వ సెక్షన్ జిల్లా సంస్థ చేయాల్సిన పనులన్నీ వరసగా చెబుతుంది. ప్రమాదం ఉన్న ప్రాంతాలని గుర్తించాలి. హెచ్చరిక జనానికి చేరే ఏర్పాటు ఉండాలి. ముఖ్యంగా, విపత్తు వస్తే సహాయ కేంద్రాలుగా వాడుకోదగ్గ భవనాలని ముందే గుర్తించి, వాటిలో నీళ్లకీ మరుగుదొడ్లకీ ఏర్పాట్లు చేయాలి. వాన మొదలయ్యాక కాదు, ముందే. 34వ సెక్షన్‌కి వస్తే, మిమ్మల్ని ఒక ప్రాంతంలోకి రాకుండా ఆపే అధికారం, అక్కడి రాకపోకల్ని కట్టడి చేసే అధికారం జిల్లా సంస్థకి ఎక్కడ ఇచ్చారో, ఉండటానికి చోటు, తిండి, తాగునీరు, వైద్యం ఏర్పాటు చేసే అధికారాన్ని కూడా అదే సెక్షన్‌లో ఇచ్చారు. నేను చెప్పదలుచుకున్నది ఇదేనమ్మా. విపత్తు చట్టం కింద ఇచ్చేదైతే, ఖాళీ చేయమనే కాగితం, ఎక్కడికి వెళ్లాలో చెప్పే కాగితం రెండూ ఒకే చట్టంలోంచి పుట్టాయి. మీ చేతికి మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వకపోతే, మీరు అడగడం బతిమాలుకోవడం కాదు.

ఏం అడగాలో కూడా లెక్కలున్నాయి. అదే చట్టం 12వ సెక్షన్ కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో సహాయ శిబిరాలకి కనీస ప్రమాణాలు రాసిపెట్టింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, అంటే ఒక నులకమంచం వేసుకుని పక్కన మూట పెట్టుకునే జాగా. రోజుకి మనిషికి 3 లీటర్ల తాగునీరు. 30 మందికి ఒక మరుగుదొడ్డి, అదీ శిబిరానికి 50 మీటర్ల లోపు, ఆడవాళ్లకి విడిగా. ముసలివాళ్లకి, నడవలేనివాళ్లకి ప్రత్యేకంగా చూడాలని కూడా అందులో ఉంది. మీ అత్తగారికి మెట్లెక్కడం కష్టం అయితే ఆ సంగతి ముందే చెప్పి కింది గది రాయించుకోండి.

బాధ్యత ఎవరిది అని అడిగారు. ఇద్దరిదీ. ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి వీల్లేకుండా చట్టం పని పంచింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. జిల్లా ప్లాన్ తయారు చేయడం, దాన్ని ఏటా సరిచూసుకోవడం ఆ సంస్థ పని, ఇది 31వ సెక్షన్. కార్పొరేషన్ పని 41వ సెక్షన్‌లో ఉంది. తన సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, పంపులు, జనరేటర్లు, రంపాలు, తాళ్లు లాంటివి అవసరమైన నిమిషంలో చేతికందేలా ఉంచాలి, తన పరిధిలో జరిగే కట్టడాలు విపత్తు ప్రమాణాలకి తగ్గట్టు ఉండేలా చూడాలి, విపత్తు వచ్చాక ప్లాన్ ప్రకారం సహాయ, పునరావాస పనులు చేయాలి. ఆ మూడోది మళ్లీ చదవండి చెల్లెమ్మా. కొండని నిలువునా కోసి, ఇంజనీరు ముఖం చూడకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడ, అది కార్పొరేషన్ కట్టకపోయినా, కార్పొరేషన్ చూడాల్సిన గోడే.

2025లో ఈ చట్టాన్ని సవరించారు. మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకి విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకి ఇచ్చారు. దానికి కమిషనర్ అధ్యక్షులు, కలెక్టర్ ఉపాధ్యక్షులు. నాకు ఇది మంచి మార్పే అనిపిస్తుంది, ఎందుకంటే ఏ గెడ్డ, అంటే వాగు, ఎక్కడ పొంగుతుందో, చావులమదుం దగ్గర ఎంత వానకి నీళ్లు నిలుస్తాయో, ఏ కొండ మీద ఎన్ని గడపలున్నాయో రోజూ చూసేది కార్పొరేషన్ సిబ్బందే. మీ అర్జీలో దీన్ని కూడా ఒక ప్రశ్నగా పెట్టండి, మన నగరానికి ఆ సంస్థ వేశారా, ప్లాన్ రాశారా అని. ఇంకో మాట, ఇది మీకు కాదు, అనకాపల్లి వైపు చదివేవాళ్లకి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక జీవీఎంసీ, అంటే మన విశాఖ కార్పొరేషన్, రెండు జిల్లాల్లోకి వచ్చింది. కమిషనర్ ఒకరే, కలెక్టర్లు ఇద్దరు. అర్జీ మీద ఏ జిల్లా కలెక్టర్ పేరు రాస్తున్నారో చూసుకోండి, లేకపోతే అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరగడంతోనే వానాకాలం అయిపోతుంది.

పట్టా భయం. ఈ భయం వల్లే మనుషులు కదలరని నాకు తెలుసు, మీ వీధిలోవాళ్లని తప్పుపట్టను. కానీ ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. సహాయ కేంద్రంలో చోటుకి, తిండికి, నీళ్లకి పట్టా ఉండాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. కులం, మతం, ఆడా మగా అని సహాయంలో తేడా చూపకూడదని 61వ సెక్షన్ విడిగా చెబుతుంది కూడా. ఒక రాత్రి బడిలో పడుకున్నంత మాత్రాన మీరు ఇల్లు వదులుకున్నట్టు కాదు. వెళ్లే ముందు ఇంటిని నాలుగు వైపులా ఫోటోలు తీయండి, లోపల సామాను కూడా. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, ఆధార్, రేషన్ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మీతోనే ఉంచుకోండి.

ఇల్లు దెబ్బతిన్నాక వచ్చే పరిహారం మాత్రం వేరే సంగతి. ఇక్కడ మీకు తీపి కబురు చెప్పి పంపలేను. రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఇచ్చే సాయానికి కేంద్రం పెట్టిన 2022–26 నిబంధనల్లో ప్రాణం పోతే 4 లక్షలు, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు అని ఉంది. కొండచరియలు విరిగిపడటం కూడా ఆ విపత్తుల జాబితాలో ఉంది. కానీ ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలని కూడా అదే నిబంధనల్లో ఉంది. అందుకే పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో చూపే ఏ కాగితమైనా పారేయొద్దు. పట్టా కోసం పెట్టుకున్న అర్జీ ఉంటే దాని కాపీ కూడా దాచండి. ఇల్లు పోయాక ఎంత వస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం కంటే గోడ సంగతి ఇప్పుడే చూడటం మేలు.

గోడకి వద్దాం. ఇలాంటి గోడని ముందుకి తోసేది ఒక్క మట్టి బరువే కాదు, మట్టిలోకి దిగి బయటికి పోలేక వెనకాల నిలిచిపోయిన నీళ్లు. అందుకే గోడలో నీళ్లు కారడానికి గొట్టాలు పెడతారు. మీ గోడకి ఆ గొట్టాలు ఉన్నాయా, ఉంటే మట్టితోనో సిమెంటుతోనో పూడిపోయాయా చూడండి. పై ఇంటివాళ్ల బాత్రూము నీళ్లు, సెప్టిక్ గుంత ఆ గోడ వెనకాలే ఇంకుతున్నాయా కనుక్కోండి. నా అనుభవంలో సగం గోడల జబ్బు అక్కడే ఉంటుంది. వాళ్లతో పోట్లాటకి దిగకముందు ఒకసారి మంచిగా మాట్లాడండి, గోడ పడితే వాళ్ల ఇల్లూ దాంతోపాటే దిగుతుందని చెప్పండి. వాననీళ్లు గోడ వెనక దిగకుండా పైన టార్పాలిన్ కప్పడం, బాత్రూము గొట్టం పక్కకి మళ్లించడం ఇప్పటికిప్పుడు చేయగలిగిన పనులు. బీట మీద సిమెంటు మాత్రం పూయించొద్దు. పూస్తే బీట కనపడదు, అంతే, అది లోపల పెరుగుతూనే ఉంటుంది.

బీట పెరుగుతోందో లేదో తెలియాలంటే పెన్సిల్ చాలు. బీట రెండు చివర్లా అడ్డంగా గీత గీసి పక్కన తేదీ వేయండి, మధ్యలో ఎంత వెడల్పుందో స్కేలు ఆనించి ఫోటో తీయండి, వారానికోసారి అదే చోట మళ్లీ తీయండి. పొడి వాతావరణంలో త్వరగా ముగించుకుని పక్కకి వచ్చేయాల్సిన పని ఇది, వానలో దగ్గరికి వెళ్లొద్దు. గోడలోంచి మట్టినీళ్లు రావడం మొదలైనా, మీ ఇంటి తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా ఇక ఎవరి కాగితం కోసమూ చూడకుండా బయటికి వచ్చేయండి, వచ్చాక 112కి గానీ, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి గానీ ఫోన్ చేయండి.

ఈ గోడ మీద చర్యకి విపత్తు ప్రకటించాల్సిన పని లేదు. మన కార్పొరేషన్‌కి వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 456వ సెక్షన్ ఉంది. శిథిలమైనా, పడిపోయేలా ఉన్నా, పక్కన ఉండేవాళ్లకి ప్రమాదంగా ఉన్నా, అలాంటి కట్టడాన్ని కూల్చమనో, బలపరచమనో, బాగు చేయమనో యజమానికి కమిషనర్ లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. "పక్కన ఉండేవాళ్లకి" అన్న ముక్క మీకోసమే ఉన్నట్టుంది. ఇన్నాళ్లూ నోటీసులు గోడ కింద ఉన్న మీకే వస్తున్నాయి, గోడ ఎవరిదో వాళ్లకి ఒక్కటీ వెళ్లినట్టు మీ ఉత్తరంలో లేదు. అర్జీలో ముందు రాయాల్సింది అదే.

ఫ్యాక్టరీల పక్కన ఉండి, మల్కాపురం, గాజువాక వైపు నుంచి ఉత్తరాలు రాసేవాళ్లు కూడా ఒక మాట వినండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు జనం నిద్రలోంచి లేచి ఎటు పరిగెత్తాలో తెలియక పరిగెత్తారు, 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదానికి అవకాశం ఉన్న ఫ్యాక్టరీ తన చుట్టుపక్కల వాళ్లకి ఏ ప్రమాదం రావొచ్చో, వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందుగానే చెప్పాలి. మీ కాలనీకి ఎవరైనా వచ్చి చెప్పారా? లేకపోతే ఈ కింది అర్జీలో గోడ బదులు ఫ్యాక్టరీ అని రాసుకోండి.

చెల్లెమ్మా, సోమవారం కలెక్టరేట్‌లోనూ, జీవీఎంసీ ఆఫీసులోనూ అర్జీలు తీసుకుంటారు. మీరొక్కరే వెళ్లొద్దు, ఆ గోడ కింద ఉన్న ఇళ్లవాళ్లంతా సంతకాలు పెట్టి నలుగురు వెళ్లండి. రెండు కాపీలు, ఫోటోలు జతచేసి. ఇలా రాయండి:

"కమిషనర్ గారికి. మా ఇళ్ల వెనకాల ఉన్న గోడ బీటలిచ్చి ముందుకు వాలింది. తేదీలతో ఫోటోలు జతచేశాం. 1. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 456వ సెక్షన్ కింద ఇంజనీరు చేత గోడని తనిఖీ చేయించి యజమానికి నోటీసు ఇవ్వగలరు. 2. విపత్తు నిర్వహణ చట్టం కింద మా కాలనీకి గుర్తించిన సహాయ కేంద్రం పేరు, తాళం బాధ్యుల పేరు, ఫోన్ నంబరు, అక్కడి నీళ్ల, మరుగుదొడ్ల ఏర్పాటు తెలియజేయగలరు. 3. నడవలేని పెద్దల్ని తరలించే వాహనం ఎవరు పంపుతారో తెలియజేయగలరు. ప్రతి: కలెక్టర్ గారికి, తహశీల్దార్ గారికి."

రెండో అంశానికి జవాబు రాకపోతే అదే ప్రశ్నని సమాచార హక్కు కింద, పది రూపాయల ఫీజుతో, కలెక్టరేట్‌లో వేయండి, జిల్లా విపత్తు ప్లాన్‌లో మీ వార్డు ఉన్న పేజీల కాపీ కూడా అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే పై అధికారికి అప్పీలు ఉంది. అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి తుపాన్ల కాలం కాబట్టి, ఆ 30 రోజులు లెక్కేసుకుని ఇప్పుడే వేయండి.

కేంద్రం పేరు తెలిసిన రోజు సాయంత్రం మీరూ మీ ఆయనా ఒకసారి అక్కడిదాకా నడిచి వెళ్లి రండి. ఆటో దొరక్కపోతే అత్తగారిని ఏ దారిన తీసుకెళ్లాలి, దారిలో గెడ్డ ఉందా, పొంగితే ఇంకో దారి ఉందా చూసుకోండి. తాళం చెవి ఉన్నాయన ఇల్లు కూడా చూసి రండి, పరిచయం చేసుకోండి. అర్జీ ఇచ్చాక రసీదు మీద నంబరు ఉంటుంది, అది నాకు రాసి పంపండి, రెండు వారాల తర్వాత ఏమైందో ఇద్దరం కలిసి చూద్దాం.